ఇంగ్లండ్‌కి పిల్లలతో మారుతున్నారా? ఇంటికంటే ముందు బడి వెతకండి

మా అమ్మాయి ఇక్కడ బడిలో చేరిన కొత్తలో రెండు నెలలు ఇంటిపేరుతోనే పిలిపించుకుంది. పాస్‌పోర్టులో ముందు ఇంటిపేరు, ఆ తర్వాత అసలు పేరు ఉన్నాయి. బడి కంప్యూటరు మొదటి మాటే పట్టుకుంది. హాజరు వేసేటప్పుడు టీచరు ఆ ఇంటిపేరును నానా తంటాలూ పడి పలకడం, ఇది తలొంచుకుని 'యెస్ మిస్' అనడం. ఇంట్లో మాకు ఒక్క ముక్క చెప్పలేదు. పేరెంట్స్ ఈవినింగ్‌లో టీచరు మా ఇంటిపేరు పెట్టి పిల్లను పొగుడుతుంటే అప్పుడు తెలిసింది. కొన్నాళ్ళకు బడి మార్చాం. కొత్త బడి ఆఫీసులో ఉన్నావిడ ఫారం అందుకుని మొట్టమొదట అడిగిన మాట, "ఇంట్లో అమ్మాయిని ఏమని పిలుస్తారు?"

ఫలితాల పట్టికలో ఆ రెండు బడులకూ పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడుందో వెతకడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. 11 నుంచి 16 ఏళ్ళ మధ్య పిల్లలతో ఇంగ్లండ్ వస్తున్నవాళ్ళ కోసం. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌ల పద్ధతులు వేరు, అటు వెళ్ళేవాళ్ళు ఇవి అలాగే పట్టుకోవద్దు.

ముందు కొన్ని భయాలు వదిలించుకోండి

సర్కారు బడి అనగానే మనవాళ్ళ మొహం మారుతుంది. ఇక్కడ నూటికి 90 మందికి పైగా పిల్లలు చదివేది సర్కారు డబ్బుతో నడిచే బడుల్లోనే. మా ఆవిడ పనిచేసే ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల పిల్లలూ అక్కడే. ఫీజు ఉండదు, యూనిఫాం మాత్రం కొనుక్కోవాలి. అకాడమీ, ఫ్రీ స్కూల్, కమ్యూనిటీ స్కూల్ అని రకరకాల పేర్లు కనిపిస్తాయి, అన్నీ ఉచితమే. 'పబ్లిక్ స్కూల్' అన్నది మాత్రం లక్షలు పోసే ప్రైవేటు బడి. పేరు చూసి మోసపోకండి.

వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్‌కు అర్హత లేదు' అని ఉంటుంది. అది చూసి పిల్లల్ని ఉచిత బడిలో వేయకూడదేమో అని కంగారుపడినవాళ్ళు నాకు తెలుసు. బడి చదువు ఆ లెక్కలోకి రాదు. మీరు వర్క్ వీసా మీద, పిల్లలు డిపెండెంట్లుగా వస్తే నిశ్చింతగా చేర్చవచ్చు.

గ్రామర్ స్కూళ్ళ గురించి కూడా ఒక మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ చర్చ వీటి మీదే. ఇంగ్లండ్ మొత్తానికి ఇవి 163. పరీక్ష పెట్టి తీసుకుంటారు. కెంట్, బకింగ్‌హామ్‌షైర్, సట్టన్, స్లౌ లాంటి చోట్ల ఎక్కువ. పిల్లకి ఆసక్తి ఉంటే రాయించండి, తప్పు లేదు. కానీ దేశం మారిన ఆరు నెలల్లో ఇంకో ఎంట్రన్స్ కోచింగ్ పెట్టడం నాకైతే నచ్చదు. దాన్నుంచి తప్పించుకుందామనే కదా సగం మంది వస్తున్నది!

పిల్ల ఏ ఇయర్‌లోకి వెళ్తుందో లెక్కేసుకోండి

ఇక్కడ మనం చదివిన తరగతి చూడరు, పుట్టినతేదీ చూస్తారు. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు పుట్టినవాళ్ళంతా ఒకే ఇయర్. 2026 సెప్టెంబరులో ఇయర్ 7లో చేరేది 2014 సెప్టెంబరు 1కీ 2015 ఆగస్టు 31కీ మధ్య పుట్టినవాళ్ళు. మిగతావి దీన్నిబట్టి పైకి లెక్కేసుకోండి. మా అమ్మాయి గుంటూరులో ఏడో తరగతి మధ్యలో వదిలి జనవరిలో వచ్చింది, నేరుగా ఇయర్ 8లో కూర్చోబెట్టారు. తరగతి ఎగిరిపోయిందని మా అమ్మ ఫోనులో ఒకటే గొడవ. ఏమీ ఎగరలేదు, లెక్క పెట్టే తీరే వేరు.

అసలు టెన్షన్ పడాల్సింది ఇయర్ 10, 11 గురించి. జీసీఎస్ఈ, అంటే మన పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లాంటివి, ఆ రెండేళ్ళ చదువు. ఒక బడి ఏక్యూఏ బోర్డు, ఇంకో బడి పియర్సన్ ఎడెక్సెల్, మరోటి ఓసీఆర్. ఒక చోట ఒక షేక్స్‌పియర్ నాటకం చెబితే పక్క బడిలో వేరేది. సబ్జెక్టులు ఎంచుకోవడం చాలాచోట్ల ఇయర్ 9లోనే అయిపోతుంది. ఇయర్ 10 మధ్యలో దిగిన పిల్లకి టైమ్‌టేబుల్లో ఏది ఖాళీ ఉంటే అది. కాబట్టి మీ చేతిలో ఉంటే ఇయర్ 10 మొదలయ్యే సెప్టెంబరు లోపే రండి. ఉద్యోగం ముందే మొదలవుతుందంటే ఒకరు ముందు వచ్చి, పిల్లలు వేసవిలో రావడం నయం. ఇయర్ 11 మధ్యలో సీటు దొరకడమే గగనం. అలాంటప్పుడు మన దగ్గర పదో తరగతి ముగించి, ఇక్కడ 16 ఏళ్ళకు సిక్స్త్ ఫారంలో (మన ఇంటర్ లాంటిది) చేరే దారి చూడండి. మన మార్కుల్ని ఎలా లెక్కిస్తారో ఆ కాలేజీని ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇంటికి అడ్వాన్సు ఇవ్వకముందే కౌన్సిల్‌కి ఫోన్ చేయండి

నేను చేసిన తప్పు ఇక్కడే. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఇల్లు దొరికింది. "చుట్టుపక్కల అన్నీ మంచి స్కూళ్ళే" అన్నాడు ఏజెంటు. నిజమే, నడిచి వెళ్ళే దూరంలో రెండు మంచి బడులున్నాయి. రెండిట్లోనూ ఇయర్ 8లో సీట్లు నిండిపోయాయి. సీటు వచ్చింది రెండు బస్సులు మారాల్సిన బడిలో. ఇంటిపేరు కథ ఆ బడిదే.

సెప్టెంబరులో ఇయర్ 7లో చేరేవాళ్ళకు గడువులుంటాయి. ముందు ఏడాది అక్టోబరు 31 లోపు దరఖాస్తు పెట్టాలి, మార్చి 1న సీటు చెబుతారు. మిగతా అందరిదీ 'ఇన్-ఇయర్' దరఖాస్తు, అంటే ఏడాది మధ్యలో అడిగేది. దీనికి గడువు లేదు గానీ, దొరికేది మిగిలిన సీటే. ఎంత పేరున్న బడైనా మీ పిల్ల ఇయర్‌లో ఖాళీ లేకపోతే మీకు పనికిరాదు. ఏ బడిలో ఏ ఇయర్‌లో ఖాళీలున్నాయో అడిగితే అక్కడి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) చెప్పి తీరాలి. 'స్కూల్ అడ్మిషన్స్' విభాగానికి ఇండియా నుంచే ఫోన్ చేయవచ్చు. ఇలా అడగండి: "ఇయర్ 8లో ఇప్పుడు ఖాళీలున్న సెకండరీ బడులేవి? దరఖాస్తులు మీరు తీసుకుంటారా, బడికే నేరుగా పంపాలా? మేం వచ్చి చేరకముందు దరఖాస్తు తీసుకుంటారా?" మూడో ప్రశ్న ముఖ్యం. పిల్ల ఇక్కడ దిగి, అద్దె అగ్రిమెంటు చేతిలో ఉంటేగాని చాలా కౌన్సిళ్ళు ఫారం ముట్టుకోవు.

ఖాళీల జాబితా వచ్చాక, ఆ బడుల చుట్టూ ఇల్లు వెతకండి. మొదటి నెల రోజులు ఎక్కడైనా తాత్కాలికంగా సర్దుకుని అగ్రిమెంటు తర్వాత చేసుకున్నా నష్టం లేదు. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే ఎవరికి ముందు ఇవ్వాలో ప్రతి బడీ రాసిపెట్టి ఉంచుతుంది. సర్కారు సంరక్షణలో ఉన్న పిల్లలు ముందు, తర్వాత చాలాచోట్ల అక్కాతమ్ముళ్ళు ఇప్పటికే చదువుతున్నవాళ్ళు, ఆ తర్వాత దూరం. దూరమంటే తరచుగా రోడ్డు మీద కాదు, మ్యాపు మీద గీత గీసినట్టు. చర్చి నడిపే బడులు కూడా సర్కారు డబ్బుతోనే నడుస్తాయి, చాలావాటిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. క్యాథలిక్ బడిలో పోటీ ఉంటే క్యాథలిక్ పిల్లలకే ముందు. మన క్రైస్తవ కుటుంబాలు బాప్తిస్మం సర్టిఫికెట్ సూట్‌కేసులో వేసుకుని రావడం మంచిది, ఇక్కడికి వచ్చాక ఊళ్ళో పాస్టరుగారి చుట్టూ తిరిగేవాళ్ళు లేక ఇబ్బంది పడతారు.

కాగితాలు చదవడం

మన దగ్గర టాపర్ల ఫ్లెక్సీలు చూసి బడి ఎంచుకోవడం అలవాటు. ఇక్కడ దాని స్థానంలో బడుల్ని తనిఖీ చేసే సర్కారు సంస్థ ఆఫ్‌స్టెడ్ ఇచ్చే నివేదిక ఉంది. 'ఔట్‌స్టాండింగ్' అన్న ఒక్క మాట కోసం మనవాళ్ళు ఇప్పటికీ ఇళ్ళు మారుతుంటారు. ఆ ఒక్క మాట తీర్పును 2024 సెప్టెంబరులో తీసేశారు. 2025 నవంబరు నుంచి కొత్త రిపోర్టు కార్డు వచ్చింది. ఒక్కో అంశానికీ విడిగా ఐదు మెట్లలో గ్రేడు ఇస్తారు. అందులో 'ఇన్‌క్లూజన్' (అన్ని రకాల పిల్లల్నీ ఎలా కలుపుకుపోతారు) అన్న భాగం ముందు చదవండి, తర్వాత హాజరు, ప్రవర్తన భాగం. మిగతావి తీరికున్నప్పుడు. తనిఖీ తేదీ కూడా చూడండి. అయిదేళ్ళ కిందటిదైతే, అప్పటి హెడ్‌టీచరు ఇంకా ఉన్నారో లేదో కనుక్కోండి.

ఫలితాలకు సర్కారు వెబ్‌సైటులో బడుల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. పిల్ల చేరినప్పటి నుంచి ఎంత ఎదిగిందో చెప్పే ప్రోగ్రెస్ 8 అనే లెక్క ఉండేది, నాకు బాగా నచ్చేది అదే. కోవిడ్ వల్ల 2020, 2021లో ఇయర్ 6 పరీక్షలు జరగలేదు కాబట్టి 2025, 2026 ఫలితాలకు ఆ లెక్క వేయడానికి వీల్లేదు. ఉత్త మార్కులే చూస్తే డబ్బున్న పేటల బడులే పైన కనిపిస్తాయి, అందులో బడి గొప్పతనం ఎంతో తేలదు.

అదే పేజీలో ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లల శాతం కనిపిస్తుంది. దేశం మొత్తం మీద అయిదుగురిలో ఒకరు అలాంటివాళ్ళు. ఆ శాతం ఎక్కువుంటే భయపడకండి, రోజూ కొత్త పిల్లల్ని చేర్చుకుని అలవాటైన బడి అది. మూడు శాతం ఉన్న బడిలో అందరూ ఎంత మంచివాళ్ళైనా, మీ పిల్లే వాళ్ళకు మొదటి పాఠం కావచ్చు.

బడికి వెళ్ళి చూడండి, ఇవి అడగండి

ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగండి. సాయంత్రం పూట పెట్టే ఓపెన్ ఈవినింగ్ కంటే మామూలు రోజు, ఇంటర్వెల్ సమయంలో వెళ్ళడం మేలు. పిల్లని తీసుకెళ్ళండి.

నేను రెండో బడికి వెళ్ళినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న: "ఈమధ్య ఏడాది మధ్యలో వచ్చిన పిల్లకి మొదటి వారం ఏం చేశారు?" వాళ్ళ పాలసీ ఏమిటని అడగకండి, పాలసీ అందరికీ ఉంటుంది. జరిగినది అడగండి. అక్కడి హెడ్ ఆఫ్ ఇయర్ (ఆ ఇయర్ పిల్లలందరినీ చూసుకునే టీచరు) ఆలోచించనైనా లేదు. "పోయిన నెల ఒక అబ్బాయి వచ్చాడు. ఇద్దరు పిల్లల్ని తోడు పెట్టాం, ఒకరు క్లాసులకి, ఒకరు లంచ్‌కి. శుక్రవారం నేనే కూర్చోబెట్టి మాట్లాడాను, అన్నం తినట్లేదని అప్పుడు తెలిసింది" అన్నారు. ఇంత వివరంగా చెప్పారంటే నిజంగా చేస్తున్నారని. మొదటి బడిలో ఇదే అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళో నాకు తెలియదు, నేను అడగలేదు. కొన్ని బడుల్లో 'యంగ్ ఇంటర్‌ప్రెటర్' అని పిల్లలకే శిక్షణ ఇచ్చి కొత్తవాళ్ళకు తోడు పెడతారు. హాంప్‌షైర్‌లో మొదలైన పద్ధతి ఇది. ఉందేమో అడగండి.

రెండోది, సెట్లు. లెక్కలు, సైన్సు లాంటివాటిలో పిల్లల్ని స్థాయిని బట్టి సెట్లుగా విడదీస్తారు. మన పిల్లలకు లెక్కలు వస్తాయి, ప్రశ్న అర్థం కావడానికే టైం పడుతుంది. అది చూసి కింది సెట్‌లో వేస్తే చాలా నష్టం. ఎందుకంటే జీసీఎస్ఈ లెక్కల్లో ఫౌండేషన్, హయ్యర్ అని రెండు స్థాయిల పేపర్లున్నాయి. ఫౌండేషన్ రాస్తే ఎంత బాగా రాసినా 5కి మించి గ్రేడు రాదు, పై గ్రేడు 9. "ఏ పరీక్ష పెట్టి సెట్ నిర్ణయిస్తారు? మళ్ళీ ఎప్పుడు చూస్తారు?" అని అడగండి. పాత నోటుబుక్కులు రెండు తీసుకెళ్ళి చూపించండి, ప్రోగ్రెస్ కార్డుకంటే బాగా మాట్లాడతాయి.

మూడోది ఇంగ్లీషు సాయం. ఇక్కడ దాన్ని ఈఏఎల్ అంటారు. "మాది ఇంగ్లీషు మీడియమే కదా" అని మనం కొట్టిపారేస్తాం. నిజానికి ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల కూడా ఇక్కడి యాసకు, వేగానికి కొన్ని వారాలు నోరు తెరవదు. అది మామూలే. దాన్ని మొద్దుతనంగా చూసే బడి వద్దు, ఊరికే వదిలేసే బడీ వద్దు. ఎవరు సాయం చేస్తారు, వారానికి ఎన్నిసార్లు, అందుకోసం ఏ క్లాసు మానిపిస్తారు అని తరచి అడగండి.

పిల్లకి చదవడంలోనో, వినికిడిలోనో, ఏకాగ్రతలోనో ఇబ్బంది ఉంటే దాచకండి. సీటు రాదేమోనని మన దగ్గర దాచుతాం. ఇక్కడ ఆ కారణంతో సీటు నిరాకరించడానికి వీల్లేదు. ప్రతి బడిలో సెన్కో అని ఒక టీచరు ఉంటారు, ఇలాంటి పిల్లల బాధ్యత వారిదే. అపాయింట్‌మెంట్ వారితో కూడా అడిగి, ఇండియాలోని డాక్టరు, థెరపిస్టు ఇచ్చిన కాగితాలన్నీ తీసుకెళ్ళండి.

ఏడిపించడం గురించి అడిగితే "మా బడిలో అలాంటివి జరగవు" అంటే నమ్మకండి. పిల్లలున్న ప్రతిచోటా జరుగుతాయి. జరిగినప్పుడు ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో మీకు ఫోన్ చేస్తారు, ఆ మనిషి పేరేమిటి? ఇవి తెలిస్తే చాలు.

మాటలయ్యాక కళ్ళతో చూడండి. లంచ్‌లో లైబ్రరీ తెరిచి ఉందా? తోడు దొరకని పిల్ల మొదటి నెల తలదాచుకునేది అక్కడే. టాయిలెట్లు మీ పిల్లనే చూసి రమ్మనండి. బడి చూపించడానికి ఓ విద్యార్థిని ఇస్తే, "నీకు ఇక్కడ నచ్చనిది ఏంటమ్మా?" అని నవ్వుతూ అడగండి. మాకు దారి చూపిన పాప, "పిజ్జా అయిపోతుంది, మాది చివరి క్యూ" అంది. అంతకంటే పెద్ద బాధ లేదంటే పర్వాలేదనిపించింది. శాకాహారమో, బీఫ్ తినరో ఉంటే క్యాంటీన్‌లో ఏం దొరుకుతుందో అప్పుడే చూసుకోండి. చాలాచోట్ల భోజనానికి వేలిముద్ర తీసుకుంటారు, మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తీసుకోవాలి. వద్దంటే కార్డో, నంబరో ఇస్తారు.

దరఖాస్తు, ఆ తర్వాత

పాస్‌పోర్టు కాపీ, అద్దె అగ్రిమెంటు, పాత బడి మార్కుల కాగితాలు చాలు. టీసీ ఎవరూ అడగరు. ఫారంలో వాడుక పేరు రాసే గడి ఉంటుంది, అది ఖాళీగా వదలకండి. ఏడాది మధ్యలో పెట్టిన దరఖాస్తుకు 15 బడి రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

లేదన్నారంటే అక్కడితో అయిపోలేదు. వెయిటింగ్ లిస్టులో పేరు ఉంచమనండి. స్వతంత్ర ప్యానెల్ ముందు అప్పీలు చేసుకునే హక్కూ ఉంది, కనీసం 20 బడి రోజుల గడువు ఇస్తారు. వేరే బడి సీటు ఒప్పుకున్నా అప్పీలు హక్కు పోదు, కాబట్టి పిల్లని ఇంట్లో కూర్చోబెట్టకండి. మేం కొత్త బడి సంపాదించింది వెయిటింగ్ లిస్టు ద్వారానే. వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి, చివరికి ఫోన్ ఎత్తే ఆవిడకు నా గొంతు గుర్తుపట్టేంత అలవాటైంది.

బడి మూడు మైళ్ళకు మించి ఉండి, దగ్గర్లో ఖాళీ ఉన్న సరైన బడి అదే అయితే, రవాణా ఖర్చు కౌన్సిల్‌దే. అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

చేరిన ఆరో వారంలో ఫారం ట్యూటర్‌కి (మన క్లాస్ టీచరు లాంటివారు) ఓ ఈమెయిల్ పెట్టండి. ఏ సెట్, ఎవరితో కూర్చుంటోంది, క్లాసులో నోరు విప్పుతోందా అని. మన పిల్లలు ఇంట్లో "బాగానే ఉంది" తప్ప ఇంకేం చెప్పరు.

ఒకటి మాత్రం ముందే గట్టిగా అనుకోండి. ఇక్కడ బడి రోజుల్లో సెలవు పెట్టించి ఇండియా వెళ్ళడం కుదరదు. అనుమతి లేకుండా పది వారాల్లో అయిదు రోజులు మానితే జరిమానా వేయవచ్చు. ఒక్కో పిల్లకి, ఒక్కో తల్లికీ తండ్రికీ విడివిడిగా 160 పౌండ్లు, 21 రోజుల్లో కడితే 80. మూడేళ్ళలోపు రెండోసారైతే ఆ సగం రాయితీ కూడా ఉండదు. నవంబరులో మా మరదలి పెళ్ళికి హెడ్‌టీచరుకు ఉత్తరం రాశాం, కుదరదన్నారు. మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. తెల్లవారుజామున అయిదింటికి లేచి, యూనిఫాం వేసుకుని, కార్న్‌ఫ్లేక్స్ గిన్నె ముందు పెట్టుకుని మా అమ్మాయి తలంబ్రాలు ఫోనులో చూసింది.